గయ నుంచి ఒక్క రోజులో నలంద, రాజగిరి: పెద్దవాళ్ళతో వెళ్ళిరావచ్చా?

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ రాస్తాను, తర్వాత చదివేవాళ్ళకీ పనికొస్తుంది. డిసెంబర్ రెండో వారంలో మీ అమ్మానాన్నలు (68, 74 ఏళ్ళు), అమెరికా నుంచి వస్తున్న మీ తమ్ముడి కుటుంబం, మీరు కలిసి గయలో పిండప్రదానం చేస్తున్నారు. మర్నాడు ఒక రోజు ఖాళీగా ఉంది. ఆ రోజులో నలంద శిథిలాలు, రాజగిరి రెండూ చూడగలమా? ప్యాకేజీ టూర్ తీసుకోవాలా, కారు మాట్లాడుకుని గైడ్‌ని విడిగా పెట్టుకోవాలా? అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, తిరగగలరా? ఇవీ మీ సందేహాలు.

చూడగలరు. పొద్దున్నే బోధ్‌గయలో బయల్దేరితే రాత్రి భోజనం వేళకి తిరిగి వచ్చేస్తారు. కాకపోతే నలందకి ముందు వెళ్ళండి, రాజగిరిలో రెండు చోట్లకి మించి పెట్టుకోకండి. ప్యాకేజీ వద్దు. రోజంతటికీ ఒక కారు మాట్లాడుకుని, నలంద గేటు దగ్గర లైసెన్సు ఉన్న గైడ్‌ని తీసుకోండి. గైడ్ కోసం పెట్టదలచుకున్న డబ్బంతా నలందలోనే పెట్టండి. రాజగిరిలో గైడ్ లేకపోయినా నడుస్తుంది, నలందలో నడవదు.

నేను చాలా ఏళ్ళుగా మన తెలుగు యాత్రికులను కాశీ, గయ, ప్రయాగ తిప్పుతున్నాను. గయకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది శ్రాద్ధం ముగించుకుని, మంగళగౌరి దర్శనం చేసుకుని, బోధ్‌గయలో ఓ గంట తిరిగి రైలెక్కేస్తారు. నలంద మాటెత్తితే "అక్కడ ఇటుక గోడలు తప్ప ఏముంటాయండీ" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. అంత దూరం వచ్చి, ఇంకో రెండున్నర గంటల ప్రయాణానికి వెనకాడి వదిలేసే చోటు కాదది. మీరు అడగడమే నాకు సంతోషం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

శ్రాద్ధం రోజునే దీన్ని కలపకండి. కొందరు డ్రైవర్లు "పన్నెండింటికల్లా కార్యక్రమం అయిపోతుంది, మధ్యాహ్నం రాజగిరి చూపించేస్తాను" అంటారు. ఫల్గు నది ఒడ్డున, విష్ణుపాదం దగ్గర, చివరగా అక్షయవటం దగ్గర, ఇలా మూడు చోట్ల పిండాలు పెట్టేసరికి మధ్యాహ్నం దాటుతుంది. కర్త అప్పటిదాకా పస్తుంటారు. అక్షయవటం దగ్గర ఏ కాయ, ఏ పండు వదిలేయాలో మాట్లాడుకుంటూ పెద్దవాళ్ళు మనసులో ఎవరెవరినో తలుచుకుంటూ ఉంటారు. ఆ రోజు వాళ్ళని కారెక్కించి తిప్పడం న్యాయం కాదు. మీకు మర్నాడు ఎలాగూ ఖాళీ ఉంది కాబట్టి ఆ రోజుకే పెట్టుకోండి.

ఇప్పుడు దారి. బోధ్‌గయ నుంచి రాజగిరి సుమారు 70 కిలోమీటర్లు, హిసువా మీదుగా. అక్కడి నుంచి నలంద ఇంకో 12-15 కిలోమీటర్లు. అంటే దారిలో ముందు రాజగిరి వస్తుంది. చిక్కంతా ఇక్కడే. ప్రతి డ్రైవరూ ముందు రాజగిరిలో ఆపుతాడు. రోప్‌వే క్యూ, వేడినీటి గుండాలు, భోజనం అన్నీ అయ్యేసరికి మూడవుతుంది. అలసిపోయిన కాళ్ళతో నాలుగింటికి నలంద చేరితే, డిసెంబర్‌లో ఐదు దాటగానే వెలుగు పోతుంది. గేటు దగ్గర ఫొటో దిగి వెనక్కి వచ్చేస్తారు. అందుకే రాజగిరిని దాటించి నేరుగా నలందకి తీసుకెళ్ళమని కారు మాట్లాడుకునేటప్పుడే తేల్చి చెప్పండి. పొద్దున చెబితే డ్రైవర్ గొణుగుతాడు, ముందు రోజు చెబితే గొడవ ఉండదు.

డిసెంబర్‌లో అక్కడ పొగమంచు ఎక్కువ. కొన్ని రోజులు ఎనిమిదింటిదాకా ఎదురుగా వచ్చే లారీ కనిపించదు. ఆరింటికి రెడీగా ఉండండి, కానీ మంచు దట్టంగా ఉంటే ఏడున్నరకే కదలండి. ఆ గంటన్నర పోతే రాజగిరిలో ఒక చోటు తగ్గించుకోండి. నలంద సమయంలోంచి మాత్రం కోయకండి.

ఇక నలంద. గేటు దాటి, చెట్ల మధ్య బాట మీదుగా లోపలికి నడిస్తే మొదట కనిపించేవి మందపాటి ఎర్ర ఇటుక గోడలే. గైడ్ లేకపోతే చివరిదాకా అవే కనిపిస్తాయి. తెలిసినవాళ్ళు పక్కన ఉంటే ఆ ఊరి పటం మీ కళ్ళ ముందు విడిపోతుంది. ఉత్తర దక్షిణాలుగా ఒక వెడల్పాటి దారి. దానికి తూర్పున వరసగా విహారాలు, అంటే భిక్షువులు ఉండి చదువుకున్న భవనాలు. పడమర వైపు ఆలయాలు. ఒక్కో విహారం మధ్యలో ముంగిలి, చుట్టూ చిన్న చిన్న గదులు, ఒక బావి, నీళ్ళు పోయే కాలువ, ద్వారానికి ఎదురుగా బుద్ధుడి గుడి. మన పాత మండువా లోగిలి చూసినవాళ్ళకి ఈ అమరిక చప్పున అర్థమవుతుంది. ఒక గదిలోకి వెళ్ళి నిలబడమనండి పిల్లల్ని. పడుకునేందుకు అరుగు, గోడలో వస్తువులు పెట్టుకునే గూడు ఉంటాయి. అప్పటి విద్యార్థి ఎంత చోటులో బతికాడో ఆ గదే చెబుతుంది.

ఈ మహావిహారం 5వ శతాబ్దంలో గుప్త చక్రవర్తి మొదటి కుమారగుప్తుడి కాలంలో మొదలైంది. 7వ శతాబ్దంలో హర్షుడి కాలంలో చైనా నుంచి వచ్చిన బౌద్ధ యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ ఇక్కడ ఆచార్యుడు శీలభద్రుడి దగ్గర చదువుకున్నాడు. లోపలికి రావాలంటే ద్వారం దగ్గరే ప్రశ్నలకి జవాబు చెప్పాలని, చాలామంది అక్కడి నుంచే వెనక్కి వెళ్ళిపోయేవారని ఆయన రాశాడు. మన పెద్దవాళ్ళకి చెప్పాల్సిన మాట ఇంకొకటుంది. ఆ మనిషే తర్వాత మన ఆంధ్ర దేశానికీ వచ్చాడు. వేంగి, ధాన్యకటకం (ఇప్పటి అమరావతి ప్రాంతం) రెండూ చూశాడు. వేంగి దగ్గర దిగ్నాగుడి గురించి, ధాన్యకటకం దగ్గర భావవివేకుడి గురించి (ఇద్దరూ పేరున్న బౌద్ధ పండితులు) విన్న విషయాలు రాసుకున్నాడు. ఈ మాట చెప్పాక, అంతవరకూ బెంచీ మీద కూర్చున్న మాస్టారు ఒకరు, గుంటూరు వైపు ఆయన, లేచి వచ్చి విహారాలన్నీ తిరిగారు. మా బృందంలో ఆఖరున బయటికొచ్చింది ఆయనే.

19వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ తరఫున సర్వే చేసిన బుకానన్ ఈ దిబ్బలు చూశాడు గానీ ఇదే నలంద అని ఆయనకి తెలియదు. 1861-62లో పురావస్తు శాస్త్రవేత్త కన్నింగ్‌హామ్ వచ్చి, హ్యుయాన్‌త్సాంగ్ రాసిన దూరాలు, గుర్తులు పట్టుకుని బడగావ్ ఊరి పక్కనున్న ఈ దిబ్బలే నలంద అని తేల్చాడు. 1915 నుంచి 1937 దాకా, మళ్ళీ 1974 నుంచి 1982 దాకా పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. 2016లో యునెస్కో జాబితాలో చేరింది. తవ్వి బయటపెట్టింది కొంతే, చుట్టుపక్కల పొలాల కింద ఇంకా చాలా ఉంది.

దక్షిణం చివర కనిపించే ఎత్తైన కట్టడం 3వ నంబరు ఆలయం. బుద్ధుడి శిష్యుడు శారిపుత్రుడి స్తూపం అని చూపిస్తారు. అది ఒక్కసారి కట్టింది కాదు. ఒకదాన్ని మూసి దాని మీద ఇంకొకటి, ఇలా ఏడుసార్లు పెంచుకుంటూ వచ్చారు. మూల బురుజుల మీద గచ్చుతో చేసిన బుద్ధుడు, బోధిసత్వుల బొమ్మలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. పైకి ఎక్కనివ్వరు, కింద నుంచి చుట్టూ తిరిగి చూడాలి. ఆ పొరలు ఎక్కడెక్కడ కలుస్తున్నాయో చూపించమని గైడ్‌ని అడగండి. అది చూపించగలిగితే మంచి గైడ్ దొరికినట్టే.

గైడ్ విషయంలో జాగ్రత్తలు. మెడలో గుర్తింపు కార్డు ఉన్నవాళ్ళనే తీసుకోండి. ఎంతసేపు, ఎంత డబ్బు, మ్యూజియం కూడా కలిపా కాదా అన్నది లోపలికి వెళ్ళకముందే తేల్చుకోండి. "మీకు తోచింది ఇవ్వండి" అనేవాళ్ళతో చివర్లో ఇబ్బంది. కనీసం గంటన్నర కావాలని చెప్పండి, లేకపోతే అరగంటలో ముగించేస్తారు. భాష ఇంకో సమస్య. గయలో పండాలు (తీర్థ పురోహితులు) తెలుగు గడగడా మాట్లాడతారు గానీ నలంద గైడ్లకి హిందీ, ఇంగ్లీషే. అమ్మగారికి తెలుగు తప్ప రాకపోతే, నాలుగు మాటలకోసారి ఆగమని గైడ్‌కి చెప్పి మీరు తెలుగులో చెప్పండి. ముందు రోజు రాత్రే హ్యుయాన్‌త్సాంగ్ కథ ఇంట్లోవాళ్ళకి చెప్పి ఉంచితే ఇంకా బాగుంటుంది. నేను మా బృందాలకి బస్సులోనే చెప్పేస్తాను, అప్పుడు వాళ్ళే గైడ్‌ని ప్రశ్నలు అడుగుతారు.

గైడ్ చెప్పే ప్రతిదీ చరిత్ర అనుకోకండి. రెండు చోట్ల ముఖ్యంగా. ఒకటి, ఆచార్య నాగార్జునుడు ఇక్కడ అధిపతిగా ఉన్నాడని చెబుతారు. మనవాడని వినగానే మనకి ముచ్చటేస్తుంది. అది టిబెట్ సంప్రదాయంలో వచ్చే మాట. నాగార్జునుడు 2వ శతాబ్దం ప్రాంతం మనిషి, మనం చూస్తున్న ఈ కట్టడాలు 5వ శతాబ్దం నుంచి మొదలైనవి. తేదీలు కుదరవు. రెండోది, తురుష్క సేనాని బఖ్తియార్ ఖిల్జీ ఇక్కడి గ్రంథాలయం తగలబెడితే నెలల తరబడి మండిందని, అంతకుముందు ఇక్కడి ఆచార్యుడు రాహుల శ్రీభద్రుడు అతని జబ్బు నయం చేశాడని ఓ పెద్ద కథ చెబుతారు. 1200 ప్రాంతంలో ఈ ప్రాంతం మీద దాడులు జరిగాయి, విహారాలు దెబ్బతిన్నాయి, తవ్వకాల్లో కాలిన ఆనవాళ్ళు దొరికాయి. అది నిజం. కానీ పారశీక చరిత్రకారుడు మిన్హాజ్ వర్ణించిన దాడి ఇప్పటి బిహార్ షరీఫ్ దగ్గరున్న ఓదంతపురి అనే మరో విహారం మీద జరిగిందని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ తర్వాత 1235 ప్రాంతంలో ధర్మస్వామి అనే టిబెట్ భిక్షువు వచ్చినప్పుడు, తొంభై ఏళ్ళ రాహుల శ్రీభద్రుడు ఇక్కడే 70 మంది విద్యార్థులకి పాఠం చెబుతున్నాడు. నన్నడిగితే ఇది ఆ మంటల కథ కంటే గొప్పది. అంతా పోయాక కూడా చదువు ఆపని ఆ ముసలాయన గురించి పిల్లలకి చెప్పండి.

శిథిలాలకి ఎదురుగా రోడ్డు అవతల మ్యూజియం. చిన్నదే, అరగంట చాలు, తప్పకుండా చూడండి. శుక్రవారం మూసేస్తారు, మీ ఖాళీ రోజు ఏ వారమో చూసుకోండి. కంచు విగ్రహాలు, మట్టి ముద్రలు, కాలిపోయిన బియ్యపు గింజలు ఉంటాయి. విహారాల్లో దొరికిన దేవపాలుడి తామ్రశాసనం గురించి గైడ్‌ని అడగండి. సువర్ణద్వీపం రాజు బాలపుత్రదేవుడు, అంటే ఇప్పటి ఇండోనేషియా వైపు రాజు, ఇక్కడ ఒక విహారం కట్టించి, దాని ఖర్చులకి ఊళ్ళు ఇమ్మని అడిగితే పాల రాజు దేవపాలుడు ఐదు గ్రామాలు ఇచ్చాడని అందులో ఉంది. మీ తమ్ముడి పిల్లలు అమెరికాలో చదువుతున్నారు కదా, వేరే దేశం రాజు మన దేశంలో హాస్టల్ కట్టించిన సంగతి వాళ్ళకి బాగా పడుతుంది.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంటుంది. మ్యాప్‌లో "నలంద విశ్వవిద్యాలయం" అని కొడితే రాజగిరి దగ్గర కొత్తగా కట్టిన యూనివర్సిటీకి తీసుకెళుతుంది. 2024 జూన్‌లో ప్రారంభించిన క్యాంపస్ అది. మీరు వెళ్ళాల్సింది "నలంద మహావిహార శిథిలాలు".

పదకొండున్నరకల్లా నలంద ముగించి రాజగిరి వైపు తిరిగితే దారిలో సిలావ్ ఊరు వస్తుంది. అక్కడి ఖాజా ప్రసిద్ధం, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మన తాపేశ్వరం మడత కాజాలాగే పొరలు పొరలుగా ఉంటుంది, కాకపోతే పాకం తక్కువ, ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది. నాన్నగారికి షుగర్ ఉంటే ఉప్పు రకం కూడా దొరుకుతుంది, అడగండి. భోజనం రాజగిరిలో చేయండి. అన్నం, పప్పు, కూర దొరుకుతాయి. శ్రాద్ధం మర్నాడు ఉల్లి, వెల్లుల్లి పట్టింపు ఉంటే జైన భోజనశాలలు వెతుక్కోండి, రాజగిరి జైనులకి పెద్ద క్షేత్రం కాబట్టి అవి ఉంటాయి.

రాజగిరి మన భారతంలోని గిరివ్రజమే. జరాసంధుడి రాజధాని. భీముడు అతన్ని చీల్చింది ఇక్కడేనని ఒక అఖాడా (కుస్తీ బరి) చూపిస్తారు. ఐదు కొండల నడుమ ఊరు. బింబిసారుడు, అజాతశత్రువు ఏలిన తొలి మగధ రాజధాని కూడా ఇదే. బుద్ధుడు ఎన్నో ఏళ్ళు ఇక్కడ గడిపాడు, మహావీరుడు రాజగిరి, నలందల్లో కలిపి 14 చాతుర్మాస్యాలు చేశాడని జైనుల నమ్మకం. ముస్లింలకి మఖ్దూం కుండ్ అనే గుండం ఉంది. ఇన్ని మతాల యాత్రికులు ఒకే బజారులో కనిపించే ఊళ్ళు తక్కువ.

చూడాల్సినవి అక్కడ డజనున్నాయి. మీరు ఎంచుకోవాల్సినవి రెండు: గృధ్రకూటం (బుద్ధుడు ధర్మం బోధించిన శిఖరం) ఉన్న కొండ, ఇంకా బ్రహ్మకుండం లేదా వేణువనంలో ఒకటి. గృధ్రకూటం పక్కనే రత్నగిరి మీద 1969లో ప్రారంభమైన విశ్వశాంతి స్తూపం ఉంది, దానికి రోప్‌వే వెళుతుంది. పాత రోప్‌వే ఒక్కొక్కరే కూర్చునే కుర్చీ. కదులుతుండగానే ఎక్కాలి, దిగాలి. అమ్మగారిని అది ఎక్కించకండి. 2021లో క్యాబిన్ రోప్‌వే వచ్చింది, తలుపులున్న పెట్టెలో మిగతావాళ్ళతో కలిసి కూర్చుంటారు, ఆవిడకి అదే సరి. సెలవు రోజుల్లో క్యూ గంట దాటుతుంది, అందుకే రెండింటిలోపు అక్కడ ఉండాలి. సాయంత్రం టికెట్లు ఆపేస్తారు.

స్తూపం దగ్గర అమ్మగారు కూర్చోవడానికి చోటుంది. గృధ్రకూటానికి అక్కడి నుంచి మెట్లు దిగి, మళ్ళీ కొంచెం ఎక్కి వెళ్ళాలి. వెళ్ళడం సులువుగానే ఉంటుంది, తిరిగి పైకి రావడం మోకాళ్ళ మీద పడుతుంది. కాబట్టి ఆవిడ దగ్గర ఒకరు ఉండండి, మిగతావాళ్ళు వెళ్ళిరండి. ఒకసారి మా బృందంలో ఒకావిడ "అందరూ వెళుతుంటే నేనెందుకు మానాలి" అని పట్టుబట్టి దిగారు. తిరిగి ఎక్కలేక మధ్యలో కూర్చుండిపోతే ఇద్దరు కుర్రాళ్ళు పట్టుకుని మెల్లగా తీసుకొచ్చారు. ఆ రోజు ఇంకేమీ చూడలేకపోయారు. ముందే నచ్చజెప్పండి. పైన కోతులు ఉంటాయి, చేతిలో తినేవి పెట్టుకోవద్దు.

తర్వాత వైభార గిరి కింద బ్రహ్మకుండం. వేడినీటి ధారలు, సుమారు 45 డిగ్రీల వేడి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కాళ్ళు తడుపుకుంటే హాయిగా ఉందంటారు. కానీ బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు గుండంలోకి దిగొద్దు. మెట్లు జారుతుంటాయి, గుంపు ఎక్కువ, పూజ చేయిస్తామని వెంటపడేవాళ్ళు ఉంటారు. ఇది గిట్టదనుకుంటే వేణువనం చాలు. బింబిసారుడు బుద్ధుడికి ఇచ్చిన తోట, వెదురు పొదల మధ్య చెరువు, సమతలంగా నడవవచ్చు. మీ కుటుంబానికైతే నేను వేణువనమే చెబుతాను. సప్తపర్ణి గుహ చాలా ఎక్కాలి, సోన్ భండార్ గుహలు ఈసారికి వదిలేయండి. గాజు వంతెన, జంతువుల సఫారీ అని డ్రైవర్ ఊరిస్తాడు, వాటికి విడిగా సగం రోజు కావాలి.

పావాపురి కూడా కలిపే ప్యాకేజీలు ఉన్నాయి. మహావీరుడి నిర్వాణ స్థలం, చెరువు మధ్య జలమందిరం, ఎంతో బాగుంటుంది. కానీ ఒక్క రోజులో మూడూ పెడితే ప్రతి చోటా ముప్పావు గంటే మిగులుతుంది. అలా వెళ్ళొచ్చినవాళ్ళని నేను చూశాను, రాత్రి అడిగితే ఏది ఎక్కడ చూశారో చెప్పలేకపోయారు. ప్యాకేజీ వద్దన్నది ఇందుకే. వాళ్ళు చోట్ల సంఖ్య చూపించి అమ్ముతారు, ఆగే సమయం చెప్పరు.

ఇంకో సంగతి, ఇది డిసెంబర్‌కి కాదు గానీ ఎప్పుడైనా మళ్ళీ వెళ్ళేవాళ్ళకి. అధిక మాసంలో మనం శుభకార్యాలు పెట్టుకోం, రాజగిరిలో మాత్రం ఆ నెలంతా పెద్ద మేళా. ముక్కోటి దేవతలు అప్పుడు అక్కడే ఉంటారని నమ్మకం. 2023లో అధిక శ్రావణంలో జరిగింది, 2026లో అధిక జ్యేష్ఠంలో. గుండాల్లో స్నానం కోసమే వెళ్ళేవాళ్ళకి అది సరైన కాలం, శిథిలాలు తీరిగ్గా చూద్దామనుకునేవాళ్ళకి కాదు. ఛఠ్ పండగప్పుడు నలంద పక్కనే బడగావ్ సూర్య దేవాలయానికి జనం పోటెత్తుతారు, అప్పుడూ అంతే.

మీ తమ్ముడి కుటుంబం ఓసీఐ కార్డులు (విదేశీ పౌరసత్వం ఉన్న భారతీయ సంతతివాళ్ళకి మన ప్రభుత్వం ఇచ్చేవి) వెంట ఉంచుకోమనండి. పురావస్తు శాఖ చోట్ల విదేశీయుల టికెట్ చాలా ఎక్కువ. ఓసీఐ ఉన్నవాళ్ళకి మనతో సమానంగానే తీసుకోవాలి, కానీ కార్డు చూపించాలి. చిల్లర నోట్లు, మంచినీళ్ళు, అమ్మగారికి చేతికర్ర, పొద్దుటి చలికి శాలువాలు పెట్టుకోండి. సాయంత్రం ఐదింటికి రాజగిరిలో బయల్దేరాల్సిందే, పొగమంచు మళ్ళీ దిగకముందే హిసువా దాటాలి. మహాబోధి ఆలయం ఆ రాత్రికి పెట్టుకోకండి, మర్నాడు పొద్దున వెళ్ళండి. లోపలికి ఫోన్లు అనుమతించరు, బయట కౌంటర్‌లో ఇచ్చి వెళ్ళాలి, దానికీ కొంత సమయం పడుతుంది.

మీ ఖాళీ రోజు కచ్చితంగా ఏ తేదీయో, బస గయలోనా బోధ్‌గయలోనా అన్నది కింద రాయండి. గయలో అయితే బయల్దేరే వేళ కాస్త మారుతుంది, దాన్నిబట్టి చెబుతాను.